రెండు ఎర్త్ గుంతలు, ఒక హౌసీ తెర

పాలిటెక్నిక్ చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బంగారు గనిలో పనిచేసిన ఎలక్ట్రీషియన్ ఎలా ఉంటాడో చూడాలని వాళ్ళ సరదా. కాఫీ తాగి, కాసేపు గోడల వంక చూసి, "సర్వీసులో మీరు మరచిపోలేని పని ఏది సార్?" అని అడుగుతారు. వాళ్ళు ఏం ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. భూమిలో రెండు మైళ్ళ లోతు, మధ్యలో ఆగిపోయిన గని లిఫ్టు, నీళ్ళు నిండుతున్న పంపు గది. అవన్నీ జరిగాయి, అన్నీ నా డైరీల్లో ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన రోజు మొదలు ఇవాళ్టి దాకా రోజుకొక పుట చొప్పున రాసినవి బీరువా కింది అర నిండా ఉన్నాయి. కానీ పిల్లలకు నేను ఆ కథలు చెప్పను. రిటైరైన చాలా ఏళ్ళకు, మా ముందు గదిలో కూర్చొని, ఒక పాత కంప్యూటర్‌కు కొత్త తెర కట్టబోయి మూడు వారాలు తికమకపడిన కథ చెబుతాను. నేర్చుకునే వాళ్ళకు గెలిచిన పనికంటే తప్పిన పనే ఎక్కువ ఉపయోగం.

మాది బంగారు గనుల పక్కనే ఉన్న కోరమండల్. మా వీధి చివర పాత క్లబ్బు ఒకటి ఉంది. గని మూతపడినా క్లబ్బు మూతపడలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం అక్కడ హౌసీ ఆడతాం. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు. ఒక్కొక్కరి టికెట్ మీద పదిహేను అంకెలు ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కొక్క అంకె పిలుస్తుంటే, మన టికెట్ మీద ఉన్నది కొట్టేసుకోవాలి. పదిహేనూ ముందుగా కొట్టేసుకున్నవాళ్ళు "హౌస్!" అని అరవాలి. బహుమతి ఒక కుక్కరో, గొడుగో, ఫ్లాస్కో. దాని కోసం డెబ్బై దాటినవాళ్ళు కూడా కళ్ళజోళ్ళు తుడుచుకొని, పెన్నులు విదిలించి, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంటారు.

మా క్లబ్బులో అంకెలు తీసేది ఒక కంప్యూటర్. ఈ కాలపుది కాదు. ఇంట్లో పెట్టుకొని టీవీకి తగిలించే పాత రకం, లావుపాటి కీబోర్డే మొత్తం కంప్యూటర్. ఒక గని ఆఫీసరు బదిలీ మీద పోతూ క్లబ్బుకు వదిలేసిపోయాడు. దానికి హౌసీ ప్రోగ్రాం రాసింది మా ఊరి లెక్కల టీచరమ్మ. పుస్తకం చూసి తనకు తానే నేర్చుకొని, క్యాసెట్ టేపులో ఎక్కించింది. మీట నొక్కితే టీవీ తెర నిండా ఒక అంకె వస్తుంది. కింద తొంభై గళ్ళ పట్టిక, అందులో అయిపోయిన అంకెలన్నీ వెలుగుతుంటాయి. ఆమె ఆ అంకెను మైకులో మూడు భాషల్లో చదువుతుంది. "ఫార్టీ టూ, నలభై రెండు, నాప్పత్తి రెండు." ముప్పై ఏళ్ళకు పైగా ఆ కుర్చీ ఆమెదే. ఆమె నాకంటే అయిదేళ్ళు చిన్నది, నన్ను అన్నా అంటుంది. క్లబ్బులో మిగతావాళ్ళకు నేను కరెంటన్నను.

ఆ ఏడాది జనవరి హౌసీలో, ఆట సగంలో, క్లబ్బు టీవీ టప్పుమని ఒక చప్పుడు చేసి నల్లబడిపోయింది. వెనకాల పొగ. నేను వెళ్ళి చూశాను. పిక్చర్ ట్యూబే పోయింది, చేసేదేమీ లేదు. ఆట మధ్యలో ఆపలేక, బీరువాలో ఉన్న పాత గుడ్డ సంచీ తీశారు. అందులో చెక్క బిళ్ళల మీద అంకెలు ఉంటాయి. టీచరమ్మ అప్పటికే పిలిచిన అంకెలు పక్కన పెట్టి, సంచీలో చెయ్యి పెట్టి ఒక్కొక్క బిళ్ళ తీసి చదవడం మొదలుపెట్టింది. పదిహేను బిళ్ళలు తీసిందో లేదో, "హౌస్!" అన్న కేక వినిపించింది. కేక వేసింది టీచరమ్మ సొంత చెల్లెలు.

అప్పుడు లేచాడు డ్రిల్లర్ పెద్దాయన. గనిలో ముప్పై ఏళ్ళు రాతిలో తూట్లు వేసే మిషన్ పట్టిన మనిషి. గొంతు కూడా ఆ మిషన్ లాగే ఉంటుంది.

"ఏమ్మా టీచరమ్మా, అంతసేపు సంచీలో తడుముకుంటా ఉండావే, చెల్లెలికి కావాల్సిన బిళ్ళ దొరికిందా?"

చెల్లెలు టికెట్‌ను పైకెత్తి, "చూసుకోప్పా, వచ్చి చూసుకో!" అంటోంది. ఆయన ఆమెవైపు తిరగనే లేదు.

"ఇన్ని అంకెలు ఎప్పుడు పిలిచింది ఈయమ్మ? నేను సగం గూడా వినలేదు. లోపల్లోపలే చదువుకొని చెల్లెలికి ఇచ్చేసింది."

టీచరమ్మ మైకు బల్ల మీద పెట్టింది. "నలభై ఏండ్లు పిలకాయలకు లెక్కలు చెప్పినాను. ఎవురికీ అర మార్కు ఎక్కువ వెయ్యలేదు. ఈ వయసులో నా చెల్లెలికి కుక్కరు దొంగిలిచ్చి ఇచ్చేదానికి వచ్చినానా నేను?" అంది. సంచీ మూతి బిగించి కట్టింది. "తీసిన అంకె తీసినట్ల అందరి కండ్లకూ కనిపించేదాకా నేను ఇంగ ఈ కుర్చీలో కూసోను."

బిళ్ళల సంచీ బల్ల మీదే వదిలి, చెప్పులేసుకొని వెళ్ళిపోయింది. చెల్లెలు కుక్కరు తీసుకోలేదు. అది ఇప్పటికీ క్లబ్బు వంటగదిలోనే ఉంది, పప్పు అందులోనే ఉడుకుతోంది.

ఫిబ్రవరిలో క్లబ్బు సెక్రటరీ తన ఫోనులో అంకెలు తీస్తానన్నాడు. ఆయనకు యాభై దాటింది, అయినా మా దృష్టిలో కుర్రవాడే. "దీనికంతా యాప్ ఉండాది, ఊరికే నొక్కితే అదే చెప్తాది" అన్నాడు. ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ ఫోను నీ జేబులోది గదప్పా. మీ అత్తకు ఏ అంకె కావాలో దానికి ఇంటికాడే చెప్పి తెచ్చింటావు."

తరవాత ఆయన తన ఇంటి ఫ్లాట్ టీవీనే మోసుకొచ్చి పాత కంప్యూటర్‌కు తగిలించాడు. అది నీలంగా వెలిగి, "సిగ్నల్ లేదు" అంది. ఎన్నిసార్లు వెతికించినా అదే మాట. ఆ నెల హౌసీకి పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో నలుగురు వడల కోసం వచ్చినవాళ్ళు.

మరునాడు పొద్దున టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. కంప్యూటర్‌ను ఒక పాత తుండుగుడ్డలో చుట్టి పసిబిడ్డలా ఎత్తుకొచ్చింది.

"అన్నా, దీనికి తెర కట్టిస్తావా?"

"టీచరమ్మా, ఇది మ్యూజియంలో పెట్టాల్సిన సామాను."

"అయితే నన్ను గూడా దాని పక్కనే పెట్టు" అంది.

నేను ఒప్పుకున్నాను. గని తరవాత కొన్నేళ్ళు రేడియో, టీవీ రిపేరు చేసి బతికినవాణ్ణి, ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను. డైరీలో ఆ రోజు పుటలో "పది రోజుల పని" అని రాసి ఉంది. అండర్‌లైన్ కూడా చేసి ఉంది.

పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పాత కంప్యూటర్ బొమ్మను పంపే లెక్క వేరు, కొత్త ఫ్లాట్ టీవీల తెర, అంటే ప్యానెల్, అడిగే లెక్క వేరు. ఒకరిది తమిళం, ఒకరిది కన్నడం అనుకోండి. మధ్యలో దుబాసీ కావాలి. పక్కనే ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో ఒక రిపేరు షాపులో, బోర్డు కాలిపోయి ప్యానెల్ మాత్రం బాగున్న ఫ్లాట్ టీవీ ఒకటి మూలన పడి ఉంటే తెచ్చుకున్నాను. వెనక వెలుతురు ఇచ్చే లైట్ల పట్టీలు కొన్ని చచ్చిపోయి ఉంటే మార్చాను. పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి, ప్యానెల్‌ను నడిపే బోర్డు ఒకటి, దుబాసీ పని చేసే బోర్డు ఒకటి తెచ్చాను. ఇనుప యాంగిల్ ముక్కలతో ఒక చట్రం చేసి, ప్యానెల్‌ను అందులో కూర్చోబెట్టాను. తొమ్మిదో రోజు స్విచ్ వేస్తే, టేపు కీచుకీచుమని పాడి, తెర నిండా "17" అని వచ్చింది. పాత టీవీలో ఎన్నడూ చూడనంత శుభ్రంగా వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "బాగుండాదే! ఆ నల్లదేంది, కింద నుంచి పాకతా ఉండాది?" అంది.

చూశాను. నాలుగు వేళ్ళ మందం నల్లటి నీడ ఒకటి, తెర అడుగున పుట్టి, మెల్లగా పైకి పాకుతోంది. పైకంటా పోయి మాయమై, మళ్ళీ అడుగున పుడుతోంది. అంకె మీదుగా పోయేటప్పుడు ఏడు ఒకటైపోతుంది, ఎనిమిది సున్నా అయిపోతుంది. మామూలుగా అయితే దీన్ని పట్టించుకోనక్కర లేదు. కానీ మేం కట్టేది హౌసీ తెర. ఒక ఆడమనిషి నిజాయితీ ఆ అంకెల మీద ఆధారపడి ఉంది. "నాకు ఒకటి కనిపించింది, ఏడు ఎట్లయ్యింది?" అని ఒక్కడు అడిగితే చాలు.

అక్కడి నుంచి నా పతనం మొదలైంది. నేను పద్ధతి ఉన్న మనిషిని. పద్ధతిగానే పొరపాటు చేశాను. రోజుకొక ప్రయత్నం, ప్రతి ప్రయత్నానికీ ఒక నంబరు, నీడ మందం స్కేలుతో కొలిచి డైరీలో నమోదు. కెపాసిటర్లు మార్చాను. పవర్ సప్లై మార్చాను. వైరు మార్చాను, వైరు తోవ మార్చాను. దుబాసీ బోర్డే చెడ్డదని తేల్చి మళ్ళీ బెంగళూరు రైలెక్కాను. షాపాయన తన బల్ల మీద పెట్టి చూసి, "ఇక్కడ చెన్నాగిదె సార్, బాగా వస్తా ఉండాది, మీ ఊరి గాల్లో ఏమో ఉండాది" అన్నాడు. తప్పును మా ఊరి గాలి మీద పెట్టి తప్పించుకునే వాళ్ళను చాలామందిని చూశాను కాబట్టి కోపం రాలేదు.

ఆ రోజుల్లోనే డ్రిల్లర్ పెద్దాయన మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మొదటిసారి, వీధిలో పోతూ వచ్చినట్టు వచ్చాడు. రెండోసారి ఆ నటన కూడా లేదు, నేరుగా వచ్చి తెర ముందు స్టూలేసుకొని కూర్చున్నాడు.

"ఇదేనా ఆయమ్మ కోసం కడతా ఉండేది?" ఆయన మామూలుగా మాట్లాడితే పక్కింటి కుక్క మొరుగుతుంది.

"క్లబ్బు కోసం" అన్నాను.

"ఏమో. ఎప్పుడవతాది?"

"ఈ నీడ పోవాల గదా."

"నీడ ఉంటే ఉండనీలేప్పా! అంకె కనిపిస్తా ఉండాదా లేదా? నాకు చాలు."

ఇంత ఆత్రం ఈయనకెందుకు అనుకుంటూ నేను ఆయన వెనకాల, నా పని బెంచీ దగ్గర, స్క్రూలు వెతుక్కుంటున్నాను. "కాఫీ తాగతావా?" అని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. పలకలేదు. చేతిలోంచి పెద్ద స్పానర్ జారి నేల మీద పడింది. వంటింట్లో మా ఆవిడ ఉలిక్కిపడి "ఏమైంది?" అని కేకేసింది. నాకు మూడడుగుల దూరంలో ఉన్న ఆయన మాత్రం తల తిప్పలేదు. తెర మీది పదిహేడునే చూస్తున్నాడు.

నేను ముందుకొచ్చి ఆయన ఎదురుగా నిలబడి మళ్ళీ అడిగాను. నా పెదాల వంక చూసి, "చక్కెర తక్కువ" అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఆ మిషన్ పక్కన నిలబడిన చెవులు. దూది కూడా పెట్టుకునేవాళ్ళు కాదు. క్లబ్బులో ఆయన ఎప్పుడూ ముందు వరస మూల కుర్చీలో, టీవీకి ఎదురుగా ఎందుకు కూర్చునేవాడో అప్పుడు తెలిసింది. ఆయన ఒక్కడే కాదు. డ్రిల్లు మిషన్ పట్టినవాళ్ళు మా హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళు హౌసీని విని ఆడలేదు, చూసి ఆడారు. తెర పోయిన రోజు, టీచరమ్మ బిళ్ళలు తీసి మైకులో చదువుతున్నంతసేపూ వెనక్కి తిరిగిన ఆయనకు కనిపించింది దూరంగా ఆమె పెదాలు కదలడం, అటు చెల్లెలు టికెట్ కొట్టుకోవడం. అంతే. చెవులు వినపడవని ఒప్పుకోవడం కంటే ఆమెను దొంగ అనడం ఆయనకు సులువుగా తోచింది. మంచి పని చేశాడని నేననను.

ఈ సంగతి టీచరమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను.

"వినపడకపోతే గట్టిగా చెప్పమ్మా అనాల. దొంగ అంటారా అన్నా?"

"అడిగే రకమైతే అడిగే ఉండునే."

"ఊరంతా నన్ను చూసే చూపు మారిపోయింది. సంతలో ఒకాయమ్మ నవ్వతా అడిగింది, కుక్కరు ఎట్ల పని చేస్తా ఉండాదని." మళ్ళీ తనే, "సరేలే. ఇన్నాళ్ళూ నా గొంతు విని ఆడతా ఉండారనుకున్నాను. తెర చూసి ఆడినారన్న మాట" అని తనలో తాను నవ్వుకుంది. "నీ నీడ సంగతేంది? ఆ డైరీ ఇట్ల ఇయ్యి."

నా డైరీ ఎవరికీ ఇవ్వను. మా ఆవిడకు కూడా ఇవ్వలేదు. కానీ టీచరమ్మ చెయ్యి చాచితే, ఎనిమిదో తరగతి పిల్లవాడిలా ఇచ్చేశాను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని, నేను కొలిచిన మందాలన్నీ ఒక కాగితం మీద వరసగా వేసింది. గీతలు గీసింది. పెన్సిల్ చెవి మీద పెట్టుకొని అడిగింది.

"అన్నా, నువ్వు ఏం మార్చినా నీడ మారలేదు. ఏమీ మార్చని రోజు గూడా మారింది. శనివారం లావవతాది, మళ్ళా వారమంతా సన్నపడతా వస్తాది, మళ్ళా శనివారం లావు. మూడు వారాలూ ఇట్లనే ఉండాది. శుక్రవారం నువ్వు ఏం చేస్తావు?"

"శుక్రవారం ఏముండాది? తలస్నానం చేస్తాను. గుడికి పోతాను. ఎర్త్ గుంతకు నీళ్ళు పోస్తాను."

అన్నాక నా మాట నాకే వినపడింది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఎర్త్ అంటే మీకు తెలుసు. మిషన్ ఇనుప ఒంట్లోకి పొరపాటున కరెంటు వస్తే, మనిషిని వదిలి భూమిలోకి పోవడానికి వేసే తోవ. గనిలో మాకు నేర్పింది, ప్రతి మోటారుకూ ఒకటి కాదు, రెండు ఎర్తులు. నేను ఇంటికి కూడా అలాగే చేశాను. వీధి వైపు ఇంటి వైరింగుకు ఒక గుంత, ముందు గదిలోని నా పని బెంచీకి పెరట్లో ఒక గుంత. బొగ్గు, ఉప్పు వేసి, రాగి పలక దించి, పెరటి గుంతకు ప్రతి శుక్రవారం రెండు బిందెల నీళ్ళు. మా వీధిలో నన్ను చూసి నవ్వని వాళ్ళు లేరు. ఈ తెర పనిలో కంప్యూటర్‌ను ఇంటి వైరింగుకు, ప్యానెల్‌ను బెంచీ వైరింగుకు తగిలించాను. చట్రానికి ఎర్త్. బొమ్మ తెచ్చే కేబుల్ మీద అల్లిక కవచం ఉంటుంది, దానికి ఆ కొసనా ఈ కొసనా ఎర్త్. ఎంత ఎర్త్ ఉంటే అంత మంచిదని.

అదే తప్పు. రెండు గుంతల మధ్య ఎప్పుడూ కాస్త తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల పుట్టే పిసరంత కరెంటు, బొమ్మ తెచ్చే కేబుల్ కవచం మీదుగానే అటూ ఇటూ పారుతుంది. అదే తెర మీద పాకే నీడ. గుంత తడిగా ఉంటే ఆ కరెంటు ఇంకా బాగా పారుతుంది. మూడు వారాలుగా నేను ఒక చేత్తో నీడను తుడుస్తూ, ఇంకో చేత్తో దానికి బిందెలతో నీళ్ళు పోసి పెంచాను.

"మందు తెలిసిందా?" అంది టీచరమ్మ.

"తెలిసింది. రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించాల. కేబుల్ కవచాన్ని ఒక కొసన కోసెయ్యాల. మిషన్ల ఎర్తులు ఉంటాయి, అవి ముట్టకూడదు. కవచం ఒక్కటే, ఒక పక్క."

"అయితే కొయ్యి."

"కోస్తాను" అన్నాను. ఆమె వెళ్ళాక రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించి చూశాను. నీడ పోయింది. కవచం కొయ్యలేదు.

ఎందుకు కొయ్యలేదో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, భూమి లోపల ఒక పంపు మోటారును పరీక్షించడానికి ఎర్త్ తీగ విప్పి, మళ్ళీ బిగించడం మరిచిపోయి పైకి వచ్చేశాను. తరవాతి షిఫ్టులో మా సీనియర్ దాన్ని ముట్టుకొని ఎగిరిపడ్డాడు. బతికాడు. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ ముడుచుకోలేదు. నా పేరు ఎక్కడా చెప్పలేదు. పనిలోకి తిరిగి వచ్చిన రోజు, నా చేతిలో ఎర్త్‌కు వాడే రాగి తీగ ముక్క ఒకటి పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ముప్పై ఏళ్ళు, వేసిన ఏ ఎర్త్‌నూ నా చేతులు విప్పలేదు. ఇది వట్టి బొమ్మ కేబుల్ అని బుర్రకు తెలుసు. బుర్రకు తెలిస్తే సరిపోదు, కట్టర్ పట్టుకోవలసింది చేతులు.

మార్చిలో ఆట పెట్టలేదు. ఏప్రిల్ మొదటి ఆదివారం తెరను క్లబ్బుకు తీసుకెళ్ళాం. తెర వచ్చిందన్న మాట ఊరంతా పాకి, ఆండర్సన్‌పేట నుంచి కూడా వచ్చారు. కుర్చీలు చాలక బెంచీలు లాక్కొచ్చారు. తెరను వేదిక మీద పెట్టాం. కంప్యూటర్, మైకు హాలు మధ్యలో బల్ల మీద, ఎప్పటిలాగే. టీచరమ్మ మడత నలగని చీర కట్టుకొచ్చింది. కుర్చీ పక్కన నిలబడింది కానీ కూర్చోలేదు. చెల్లెలు ఒక టికెట్ కొనుక్కొని, అందరూ చూసేలా నడిమి బెంచీలో కూర్చుంది. డ్రిల్లర్ పెద్దాయన ముందు వరస మూలలో ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

స్విచ్ వేశాను. టేపు పాడింది. పట్టిక వచ్చింది. దాని అడుగున నాలుగు వేళ్ళ మందం నీడ పుట్టి, పాకడం మొదలుపెట్టింది.

వేదిక వైరింగు వేరు, హాలు వైరింగు వేరు. ఇంట్లోలాగా ఇక్కడ ఒకే బోర్డు లేదు. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాలి. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "అదేంది నల్లగా?" "దాని చాటున అంకె మారిస్తే ఎవురికి తెలుస్తాది?" అన్నారెవరో నవ్వుతూ. నవ్వుతూనే అన్నారు, కానీ టీచరమ్మ చెప్పుల వైపు చూసింది. చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి.

నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "అన్నా. కోసినావా లేదా?"

"లేదమ్మా."

నేను స్విచ్ ఆపి, సంచీలోంచి కట్టర్ తీసి, తెర వెనక్కి పోయి, కేబుల్ కొస విప్పాను. కవచం అల్లిక విడదీసి పట్టుకున్నాను. హాల్లో సగం మంది గని మనుషులు. ఒక పాత ఫిట్టర్ లేచి నిలబడ్డాడు.

"ఓయ్ కరెంటన్నా! ఎర్త్ కోస్తా ఉండావా?"

"ఎర్త్ కాదప్పా, కవచం."

"నువ్వే గదయ్యా మా ఇంట్లో మిక్సీకి గూడా రెండు ఎర్తులు వేసి పోయినావు! ఇప్పుడు నువ్వే కోస్తావా?"

"మిక్సీలో ఎవురూ అంకెలు చూడరు గదా!" అని ఇంకెవరో అరిచారు. నవ్వులు. కట్టర్ దవడల మధ్య ఆ అల్లిక పెట్టి, కళ్ళు మూసుకోకూడదని గట్టిగా అనుకొని, కోశాను. ఒక్క చప్పుడు. చట్రం ఎర్త్ గట్టిగా ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. కోసిన కొసకు ఇన్సులేషన్ టేపు చుట్టాను. స్విచ్ వేశాను.

పట్టిక వచ్చింది. అర నిమిషం చూశాం. ఒక నిమిషం చూశాం. ఏదీ పాకలేదు.

టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. మీట నొక్కింది. తెర నిండా ఒక అంకె వచ్చింది. ఆమె మైకు నోటి దగ్గరకు తెచ్చేలోపే, ముందు వరస మూల నుంచి డ్రిల్లు మిషన్ లాంటి గొంతు, "అరవై మూడు!" అని అరిచింది. ఆమె ఆగి, ఆయన వైపు ఒకసారి చూసి, "సిక్స్‌టీ త్రీ, అరవై మూడు, అరువత్తి మూణు" అని చదివింది. మళ్ళీ నొక్కింది. "తొమ్మిది!" అని ఆయన. "నైన్, తొమ్మిది, ఒంబదు" అని ఆమె. ఆయన అరుస్తున్నది ఆమె తప్పు పట్టడానికో, తనకు కనిపిస్తున్నదన్న సంతోషానికో నాకు తెలియలేదు. బహుశా మొదట్లో అది, తరవాత ఇది. పది అంకెలు దాటేసరికి హాలంతా ఆయన అరుపు కోసం కాచుకొని, దానితో పాటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. మైకు ఉందో లేదో ఎవరికీ పట్టలేదు.

అరవై అంకెలు దాటాయి. కొందరి టికెట్లలో ఒక్కొక్క అంకే మిగిలి ఉంది. పెద్దాయన కూడా పెన్ను గాల్లో పట్టుకొని ముందుకు వంగాడు. ఆమె నొక్కింది.

"ఇరవై ఎనిమిది!" అని అరిచాడాయన, నిరాశగా.

"హౌస్!" అని నడిమి బెంచీ నుంచి కేక వచ్చింది.

అందరికీ ఆ గొంతు తెలుసు. టీచరమ్మ చెల్లెలిది.

ఆ కేక పెద్దాయనకు మాత్రం వినపడలేదు, అందరి తలలూ తిరగడం చూసి తల తిప్పాడు. చెల్లెలు టికెట్ ఎత్తి పట్టుకొని, ఏడుపు మొహంతో, "నేనేం చేసేది, వచ్చేసింది!" అంది. టీచరమ్మ మైకును గట్టిగా పట్టుకొని, తెరవైపు చూస్తూ ఉండిపోయింది.

పెద్దాయన లేచాడు. మెల్లగా నడిచి పోయి చెల్లెలి చేతిలోంచి టికెట్ తీసుకున్నాడు. వేదిక దగ్గరకొచ్చాడు. టికెట్ మీద ఒక అంకె మీద వేలు పెట్టడం, పట్టికలో ఆ అంకె వెలుగుతోందో లేదో చూడడం. మళ్ళీ ఇంకొకటి. పదిహేనూ చూశాడు. ఇరవై ఎనిమిది దగ్గర వేలు ఎక్కువసేపు ఆపాడు. దాన్ని పిలిచింది తానే.

టికెట్ తెచ్చి టీచరమ్మ బల్ల మీద పెట్టాడు.

"అన్నీ ఉండాయి" అన్నాడు, ఆయనకు సాధ్యమైనంత చిన్న గొంతుతో. అది హాలు చివరిదాకా వినిపించింది. "ఆ పొద్దు గూడా ఉండే ఉంటాయి. నాకు వినపళ్ళేదమ్మా."

ఆమె ఆయన మొహంలోకి చూస్తూ, పెదాలు బాగా కదిపి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. "ఇంగ నుంచి నువ్వే పిలువు. నేను నొక్కుతాను."

ఆయన తల గోక్కున్నాడు. కుర్చీలోకి తిరిగి వెళ్ళబోతూ ఆగి, చెల్లెలి వైపు వేలు చూపించాడు.

"అట్లయితే ఇంగో ఆట వెయ్యి. ఈ తూరి మాత్రం ఆయమ్మకు టికెట్ ఇయ్యొద్దు."

హాలు పగలబడి నవ్వింది. చెల్లెలు నవ్వింది. టీచరమ్మ మైకు పక్కన పెట్టేసి, కళ్ళు తుడుచుకొని, మీట నొక్కింది.